ఊరు మారితే గీత మారాలి

క్రీస్తు పూర్వం 263లో వలేరియస్ మెస్సాల అనే రోమన్ కాన్సల్ సిసిలీ ద్వీపంలోని కటానియా పట్నాన్ని జయించి, అక్కడి నీడగడియారాన్ని రోముకు తెచ్చాడు. సభావేదిక దగ్గర ఒక స్తంభం మీద దాన్ని నిలబెట్టించాడు. జనం చూసి మురిసిపోయారు. చిక్కల్లా ఒక్కటే. ఆ గీతలు కటానియా పొద్దుకి గీసినవి, రోము పొద్దుకి కావు. అయినా తొంభైతొమ్మిదేళ్లపాటు రోము నగరం ఆ గడియారాన్నే నమ్ముకుని పనులు చేసుకుందని ప్లినీ రాశాడు. క్రీ.పూ. 164లో మార్సియస్ ఫిలిప్పస్ అనే అధికారి ఇంకా సరైన మరో గడియారాన్ని దాని పక్కన పెట్టించేదాకా అదే నడిచింది.

కటానియా అక్షాంశం 37.5 డిగ్రీలు, రోముది 41.9. తేడా నాలుగున్నర డిగ్రీలకు లోపే. మన తెలుగువాళ్లు తరతరాలుగా స్థిరపడిన ఊళ్ల మధ్య దూరం ఇంతకంటే ఎక్కువ. మధురై నించి షోలాపూరుకు 7.7 డిగ్రీలు, బెంగళూరు నించి ఒరిస్సా బరంపురానికి 6.3 డిగ్రీలు. మధురైలో చెక్కించిన నీడగడియారాన్ని షోలాపూరులో పెడితే రోమువాళ్ల కథే మళ్లీ జరుగుతుంది.

నీడగడియారం మోసుకుపోయే వస్తువు కాదు. మోసుకుపోగలిగింది దాన్ని లెక్కకట్టే పద్ధతిని మాత్రమే. ఆ పద్ధతి ఒకప్పుడు మన సిద్ధాంత గ్రంథాల్లో ఉండేది. తరవాత యూరపులో సంవర్గమానాల పట్టికల్లోకి దిగింది. ఇరవయ్యో శతాబ్దంలో ఫోర్ట్రాన్, బేసిక్ అనే కంప్యూటర్ భాషల్లోకి చేరింది. ఆ భాషలు కూడా ఇవాళ పాతబడ్డాయి. ఈ ప్రయాణాన్ని కాస్త నెమ్మదిగా చూద్దాం.

ఒక్క అంకె

నేలకు సమంగా పరిచే నీడగడియారంలో రెండే భాగాలు. ఒకటి గీతలు గీసిన పలక. రెండోది ఉత్తర దక్షిణాలుగా పలకమీద నిలబెట్టిన త్రికోణపు రేకు. రేకు వాలు అంచు ఆకాశంలో ధ్రువస్థానం వైపు చూడాలి. అంటే ఆ వాలు ఆ ఊరి అక్షాంశంతో సమానంగా ఉండాలి. బెంగళూరులో 13 డిగ్రీలకు కాస్త తక్కువ, బరంపురంలో 19 డిగ్రీలకు కాస్త ఎక్కువ.

సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. గీతలు గీసే తలాన్ని భూమధ్యరేఖ తలానికి సమాంతరంగా వాల్చి పెడితే గంట గీతలన్నీ సరిగ్గా 15 డిగ్రీల ఎడంతో వస్తాయి. వేరే లెక్క అక్కర్లేదు. సవాయి జైసింగు కట్టించిన సమ్రాట్ యంత్రాలు ఈ జాతివే. జైపూరులో ఉన్నది దాదాపు 27 మీటర్ల ఎత్తు. ఆయన 1724లో ఢిల్లీలో కట్టిన తరవాత జైపూరు, ఉజ్జయిని, కాశీ, మథురలలో కూడా వేధశాలలు కట్టించాడు. మథురది ఇప్పుడు లేదు. మిగిలిన చోట్ల చూడండి, ప్రతి ఊళ్లోనూ యంత్రపు వాలు ఆ ఊరి అక్షాంశమే. ఢిల్లీ నమూనాను ఉజ్జయినిలో ఉన్నదున్నట్టు దించలేదు. ఒక రాజు అయిదు ఊళ్లకు అయిదు వాలులు కట్టించాడంటే, రోమువాళ్లు వందేళ్లకు నేర్చుకున్న పాఠం ఆయనకు ముందే తెలుసన్నమాట.

పలకను నేలకు పరిచినప్పుడే లెక్క వచ్చిపడుతుంది. మధ్యాహ్నపు గీతకీ మరొక గంట గీతకీ మధ్య కోణం కావాలి. అక్షాంశపు సైనునీ, ఆ గంటకు సూర్యుడు జరిగిన కోణపు టాంజెంటునీ గుణిస్తే మనకు కావలసిన కోణపు టాంజెంటు వస్తుంది. సూత్రమంతా ఇంతే. ఉదాహరణకు మధ్యాహ్నం మూడుగంటలకు సూర్యుడు జరిగింది 45 డిగ్రీలు, దాని టాంజెంటు ఒకటి. కాబట్టి మూడుగంటల గీత కోణపు టాంజెంటు ఆ ఊరి అక్షాంశపు సైనే. లెక్కవేస్తే మధురైలో ఆ గీత 9.8 డిగ్రీల దగ్గర వస్తుంది. బెంగళూరులో 12.65, షోలాపూరులో 16.9, బరంపురంలో 18.3. లండనులో 38 డిగ్రీలు. పాతసామాన్ల దుకాణంలో ముచ్చటపడి కొన్న ఇత్తడి నీడగడియారం మన డాబామీద ఎందుకు తప్పు చెబుతుందో ఈ అంకెలు చూస్తే తెలుస్తుంది. అది సాధారణంగా మరెవరి ఊరికోసమో చేసినది.

సూత్రంలో గంటలు అందరికీ ఒకటే. ఊరిని బట్టి మారేది ఒక్క అంకె, అక్షాంశం.

పలభ

ఈ ఒక్క అంకెను మన పూర్వులు డిగ్రీల్లో చెప్పలేదు, నీడలో చెప్పారు. పగలూ రాత్రీ సమంగా ఉండే విషువద్దినాన పన్నెండు అంగుళాల శంకువును నిటారుగా నిలబెట్టి, మిట్టమధ్యాహ్నపు నీడను కొలిస్తే అది ఆ ఊరి పలభ. ఇక్కడ అంగుళమంటే స్కేలుమీది అంగుళమే కానక్కర్లేదు. శంకువు పొడుగులో పన్నెండోవంతు ఏదైనా సరే. సూర్యసిద్ధాంతంలో త్రిప్రశ్నాధికారమనే అధ్యాయమంతా ఇలాంటి నీడల లెక్కలే.

మన ఊళ్ల పలభలు ఇలా వస్తాయి. మధురైకి 2.1 అంగుళాలు, బెంగళూరుకు 2.76, చెన్నైకి 2.79, యానాంకు 3.6, షోలాపూరుకు 3.8, బరంపురానికి 4.2. చేతిలో కర్రముక్క తప్ప ఏ పరికరమూ లేనివాడు కూడా ఏడాదికి రెండుసార్లు తన ఊరి చిరునామాను ఆకాశాన్నడిగి తెలుసుకోగలడు.

పలభ తెలిశాక దానితో ఏం చేసేవారో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. దాన్ని పదితో, ఎనిమిదితో, మూడున్నూ మూడోవంతుతో విడివిడిగా గుణించేవారు. వచ్చిన మూడు సంఖ్యలూ చరఖండాలు. అవి విఘడియల్లో ఉంటాయి. విఘడియ అంటే 24 సెకండ్లు. ఆ మూడింటినీ కలిపితే, ఏడాదిలో అన్నిటికంటే పొడుగైన పగటినాడు ఆ ఊళ్లో సూర్యోదయం ఆరుగంటలకంటే ఎంత ముందుగా వస్తుందో తెలుస్తుంది. బెంగళూరు పలభతో వేసి చూడండి. మొత్తం 59 విఘడియలు, అంటే ఇరవైమూడున్నర నిమిషాలు. బరంపురానికి 90 విఘడియలు, ముప్పయ్యారు నిమిషాలు. ఇవాళ్టి త్రికోణమితి సూత్రంలో సిద్ధాంతుల అలవాటు ప్రకారం సూర్యుడి పరమక్రాంతి 24 డిగ్రీలని వేసి చూస్తే, రెండు ఊళ్లకూ దాదాపు ఇవే జవాబులు వస్తాయి. ఒక నిమిషం కూడా తేడా రాదు.

సైను పట్టిక తెరవకుండా, మూడు గుణకారాలతో తెమిలిపోయే లెక్క ఇది. 10, 8, 3⅓ ఏ ఊళ్లోనైనా మారవు. పలభ ఒక్కటే మారుతుంది. మారని భాగం ఒకవైపు, ఊరిని బట్టి మార్చవలసిన భాగం ఒకవైపు పెట్టి రాసిన ఈ విధానాన్ని కంప్యూటర్‌వాళ్లు చూస్తే దీన్ని ప్రోగ్రామనే అంటారు.

పట్టికలు, కార్డులు

యూరపులో నీడగడియారాల శాస్త్రం పదహారో శతాబ్దానికి పెద్ద గ్రంథమైంది. గ్రిగోరియన్ కేలండరు తయారీలో పాలుపంచుకున్న క్రిస్టఫర్ క్లేవియస్ 1581లో రోములో ఎనిమిది భాగాల పుస్తకం అచ్చువేయించాడు. పద్ధతులన్నీ ఉన్నాయి గాని, లెక్క మాత్రం ఒళ్లు వంచి చేసుకోవలసిందే. 1614లో జాన్ నేపియర్ సంవర్గమానాలను ప్రకటించాడు. 1620లో ఎడ్మండ్ గుంటర్ సైనుల, టాంజెంట్ల సంవర్గమానాల పట్టికలు అచ్చువేశాడు. దాంతో గుణకారం కూడికగా మారింది. పట్టికలో రెండు అంకెలు చూసి కలిపితే గీత కోణం దొరికేది. పన్నెండు గీతలకు పన్నెండు కూడికలు. అర్ధగంటలు, పావుగంటలు కూడా కావాలంటే దానికి నాలుగింతలు. ఎక్కడో ఒకచోట వరస తప్పి చూస్తే ఆ గీత రాతిమీద శాశ్వతంగా తప్పుగా నిలిచిపోయేది.

ఇలా మూడువందల ఏళ్లకు పైగా నడిచింది. 1957లో జాన్ బాకస్ బృందం ఐ.బి.ఎమ్. 704 యంత్రంకోసం ఫోర్ట్రాన్ భాషను విడుదల చేసింది. అంతకుముందు యంత్రానికి దాని అంకెల భాషలోనే చెప్పవలసి వచ్చేది. ఫోర్ట్రాన్‌లో సూత్రాన్ని దాదాపు బడిలో రాసినట్టే రాయవచ్చు. పేరులోనే ఆ సంగతి ఉంది, సూత్రాలను అనువదించేది అని. మన దేశంలో కాన్పూరు ఐ.ఐ.టి.కి 1963లో ఐ.బి.ఎమ్. 1620 వచ్చాక ఈ భాష విద్యార్థుల్లోకి వెళ్లింది. రాజారామన్ పుస్తకాలు చదివి ఫోర్ట్రాన్ నేర్చుకున్న తరం ఒకటి ఇప్పటికీ ఉంది. నేనూ ఆ తరంవాణ్నే.

ఒక్కొక్క వాక్యానికి ఒక్కొక్క కార్డు. కార్డుకు 80 గడులు. వాక్యం ఏడో గడినించి మొదలుపెట్టి డెబ్బైరెండో గడి లోపల ముగించాలి. మొదటి గడిలో ‘సి’ అక్షరం ఉంటే అది మనుషులు చదువుకోవడానికి రాసిన వ్యాఖ్య, యంత్రం పట్టించుకోదు. కార్డుల కట్టకు రబ్బరుబ్యాండు వేసి కిటికీలో ఇచ్చి వస్తే, కాగితంమీద జవాబు మర్నాటికి వచ్చేది. కామా తప్పితే తప్పు జాబితా వచ్చేది, మళ్లీ మర్నాటిదాకా ఆగాలి.

1966 నాటి ప్రామాణిక ఫోర్ట్రాన్‌లో సైను ఉంది, కొసైను ఉంది, టాంజెంటు లేదు. అది 1977 ప్రమాణంలో చేరింది. నీడగడియారం లెక్కకు ఇది లోటనిపిస్తుంది గాని, నిజానికి మేలే చేసింది. ఆ భాషలో ‘ఎటాన్‌టూ’ అనే ప్రమేయం ఉంది. దానికి రెండు సంఖ్యలిస్తే, వాటి నిష్పత్తినే కాకుండా ప్లస్సు మైనస్సు గుర్తులను కూడా చూసి, కోణం ఏ దిక్కున ఉందో సరిగ్గా చెబుతుంది. అక్షాంశపు సైనుని కాలకోణపు సైనుతో గుణించి మొదటి సంఖ్యగా, కాలకోణపు కొసైనుని రెండో సంఖ్యగా ఇస్తే చాలు, టాంజెంటుతో పని లేకుండానే గీత దొరుకుతుంది. ఇందులోని సుఖమేమిటో బేసిక్ దగ్గరికి వచ్చినప్పుడు తెలుస్తుంది.

మహదేశ్వర బెట్ట గడియారం

ఫోర్ట్రాన్‌లో ఒక పాత సంప్రదాయముంది. చరరాశి పేరు ఐ నించి ఎన్ దాకా ఉన్న ఇంగ్లీషు అక్షరాల్లో దేనితోనైనా మొదలైతే, వేరే చెప్పకపోతే, అది పూర్ణాంకమే. దశాంశాలు పెడితే నిశ్శబ్దంగా కత్తిరించేస్తుంది. తప్పని కూడా చెప్పదు.

1980ల మొదట్లో బెంగళూరులో మా డాబామీదికి ప్లైవుడ్ నీడగడియారం ఒకటి చేశాను. గీతల కోణాలన్నీ ఫోర్ట్రాన్‌లో వేసిన లెక్కే. అక్షాంశానికి ‘లాట్’ అని పేరు పెట్టుకున్నాను. ఎవరికైనా తోచే పేరే. త్రికోణపు రేకు మాత్రం కోణమాపకం పెట్టి సరిగ్గా 13 డిగ్రీలకు కోయించాను. సర్దుబాట్లన్నీ వేసి చూస్తే మిట్టమధ్యాహ్నం చక్కగా సరిపోయింది. పొద్దున తొమ్మిదింటికి తొమ్మిది నిమిషాలు వెనక, మధ్యాహ్నం మూడింటికి తొమ్మిది నిమిషాలు ముందు. కార్డులన్నీ తిరగేశాను, ఏ తప్పూ కనబడలేదు.

మా మేనమామ పంచాంగ గణితం తెలిసినవాడు. కంప్యూటర్‌ను చూసి ఎరగడు. డాబామీదికి వచ్చి గడియారం చుట్టూ ఒకసారి తిరిగి, “పలభ ఎంత పెట్టినావురా?” అన్నాడు.

“పలభ కాదు మామా, అక్షాంశం పెట్టినా. పన్నెండు పాయింటు తొంభైయేడు,” అన్నాను.

“నువ్వేం పెట్టినావని కాదు, గీతల్లో ఏముందని అడుగుతాండా. చూసి చెప్పు.”

గీతలనించి వెనక్కి లెక్కవేసుకుంటూ వచ్చాను. పలభ రెండున్నర అంగుళాలకు కాస్త పైన వచ్చింది. రెండుముప్పావు రావాలి. అంటే అక్షాంశం సరిగ్గా పన్నెండు. ‘లాట్’ అనే పేరు ‘ఎల్’ అక్షరంతో మొదలైంది కాబట్టి యంత్రం 12.97లో చివరి 0.97ను కత్తిరించి పారేసింది. ఆ 0.97 డిగ్రీ నేలమీద నూటెనిమిది కిలోమీటర్లు. పటం తీసి చూస్తే బెంగళూరుకు నేరుగా దక్షిణాన అంత దూరంలో మలె మహదేశ్వర బెట్ట ఉంది. “మహదేశ్వర బెట్టకు గడియారం చేసినావు, బాగుంది. ఇంక మన ఊరికి చెయ్యి,” అన్నాడు మామయ్య. చరరాశికి ‘ఫై’ అని పేరు మార్చి, ఆ కార్డులు కొత్తవి గుద్దించుకున్నాను.

ఇదే తప్పు బరంపురంలో చేసి ఉంటే 19.31 కాస్తా 19 అయ్యేది. మూడింటికి తేడా రెండు నిమిషాలలోపే ఉండేది. బహుశా ఎవరూ కనిపెట్టకపోదురు. ఊరిని బట్టి తప్పు కూడా మారుతుంది.

బేసిక్

1964 మే 1న అమెరికాలో డార్ట్‌మత్ కాలేజీలో కెమెనీ, కర్ట్‌జ్ అనే ఇద్దరు గణిత ఆచార్యులు బేసిక్ భాషను మొదటిసారి నడిపించారు. సైన్సు చదవని విద్యార్థి కూడా యంత్రంతో మాట్లాడగలగాలన్నది వాళ్ల కోరిక. ప్రతి వాక్యానికీ 10, 20, 30 అని ముందు ఒక సంఖ్య. మధ్యలో ఏదైనా మరిచిపోతే 15 అని చేర్చుకోవచ్చు. మొదటి రోజుల్లో ‘ఇన్‌పుట్’ ఆజ్ఞ లేదు. అంకెలను ప్రోగ్రాం చివర ‘డేటా’ అనే వాక్యంలో పెట్టి ‘రీడ్’ అనే వాక్యంతో చదివించేవారు. తరవాత ‘ఇన్‌పుట్’ వచ్చింది. యంత్రం ప్రశ్నగుర్తు చూపించి ఆగుతుంది, మనం అంకె ఇవ్వాలి. నీడగడియారానికి ఇంతకంటే తగిన ఆజ్ఞ లేదు. ‘నీ ఊరేది?’ అని అడిగి ఆగినట్టుంటుంది.

బేసిక్‌లో ఈ ప్రోగ్రాం పది పన్నెండు వరసలే. అక్షాంశం అడగాలి. డిగ్రీలను రేడియన్లలోకి మార్చడానికి 3.14159ని 180తో భాగించి ఒకచోట దాచుకోవాలి. ‘ఫర్’, ‘నెక్స్ట్’ మధ్యలో గంటలను ఒక్కొక్కటిగా తిప్పుతూ సూత్రం వేయాలి. వచ్చిన కోణాన్ని మళ్లీ డిగ్రీల్లోకి మార్చి ‘ప్రింట్’ చేయాలి. రేడియన్ల మార్పిడి మరిచిపోయినవాడికి 15 అంటే పదిహేను రేడియన్లవుతుంది, గీతలు దిక్కుతోచకుండా పడతాయి. మొదటిసారి రాసేవాళ్లు చాలామంది చేసే తప్పు ఇదే.

రెండో తప్పు మరీ లోతైనది. మామూలు బేసిక్‌లో విలోమ త్రికోణమితి ప్రమేయం ఒక్కటే, ‘ఎటిఎన్’. అది మైనస్ 90 నించి ప్లస్ 90 డిగ్రీల లోపల మాత్రమే జవాబు చెబుతుంది. మన దేశంలో జూన్ నెలలో సూర్యుడి లెక్కన ఉదయం అయిదున్నరకే పొద్దు పొడుస్తుంది. ఉదయం అయిదున్నరకు కాలకోణం 90 డిగ్రీలు దాటి ఉంటుంది. దాని టాంజెంటు, సాయంత్రం అయిదున్నర టాంజెంటుతో సమానం. పాపం, ఎటిఎన్‌కు తేడా తెలియదు. అంచేత తెల్లవారుజాము గీతను తీసుకెళ్లి సాయంత్రం గీతమీద వేస్తుంది. ఆరుగంటలకు ముందూ సాయంత్రం ఆరు తరవాతా గీతకు 180 డిగ్రీలు సర్దమని ‘ఇఫ్’ వాక్యం ఒకటి మనమే రాసుకోవాలి. ఫోర్ట్రాన్‌లోని ఎటాన్‌టూ ఈ పని తనంతట తానే చేసేది.

భాష ఒకటే అయినా మాండలికాలు వేరు. 1984లో మన ప్రభుత్వం బడులకు కంప్యూటర్ అక్షరాస్యత పథకం మొదలుపెట్టినప్పుడు ఇచ్చిన యంత్రం బి.బి.సి. మైక్రో. దాని బేసిక్‌లో డిగ్రీలనూ రేడియన్లనూ మార్చుకునే మాటలు తయారుగా ఉండేవి. తరవాత డాస్ కంప్యూటర్లతో వచ్చిన జీడబ్ల్యూ బేసిక్‌లో అవి లేవు. బడిలో నేర్చుకున్న ప్రోగ్రాం ఇంట్లో నడవదు, కాస్త యాస మార్చాలి. 1970లో నిక్లాస్ విర్త్ రూపొందించిన పాస్కల్‌లో టాంజెంటే లేదు, సైనుని కొసైనుతో భాగించుకోవాలి. ఎ.పి.ఎల్. భాషలో సూత్రమంతా ఒక్క వరసలో, ఒక వృత్తపు గుర్తుతో తెమిలిపోతుంది, కాని చదవడానికి మంత్రపుష్పంలా ఉంటుంది. బ్యాంకుల భాష కోబాల్‌కు 1989 దాకా ప్రమాణంలో సైను కూడా లేదు. వడ్డీ లెక్కలకు సూర్యుడితో పని లేదు మరి.

సూర్యుడి గంట, చేతి గంట

గీతలు సరిగా వచ్చాయనుకోండి. అయినా నీడ చూపించే గంటకీ చేతిగడియారం గంటకీ పొత్తు కుదరదు. దీనికి రెండు కారణాలు.

మొదటిది రేఖాంశం. భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి 1906 జనవరి 1న అమలులోకి వచ్చింది. అంతకుముందు రైళ్లు నడిచింది మద్రాసు కాలం ప్రకారం. గ్రీనిచి కంటే 5 గంటల 21 నిమిషాల 14 సెకండ్లు ముందు. ఆ కాలాన్ని కొలిచింది 1792లో నుంగంబాకంలో కట్టిన మద్రాసు వేధశాల. అక్కడి గ్రానైటు స్తంభంమీద లాటిన్, తమిళం, హిందుస్తానీలతోబాటు తెలుగులోనూ శాసనం ఉంది. చెన్నై తెలుగువాళ్లు ఒకసారి వెళ్లి చూడదగ్గది. కలకత్తా 1948 దాకా, బొంబాయి 1955 దాకా తమ సొంత కాలాలు వదులుకోలేదు.

82.5 డిగ్రీల రేఖ బంగాళాఖాతంలోకి దిగేముందు గోదావరికి ఉత్తరాన అన్నవరం, తుని ప్రాంతంమీదుగా పోతుంది. అన్నవరం కొండమీద సత్యనారాయణస్వామి గుడి దగ్గరున్న నీడగడియారానికి ఈ సర్దుబాటు అర నిమిషం లోపే. యానాంకు నిమిషానికి కాస్త పైన. అక్కడినించి దూరం జరిగేకొద్దీ డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున పెరుగుతుంది. చెన్నైలో దాదాపు 9 నిమిషాలు కలపాలి. మధురైలో పదిహేడున్నర, బెంగళూరులో పంతొమ్మిదిన్నర పైన, షోలాపూరులో 26, ముంబయిలో ముప్పయ్యెనిమిదిన్నర. బరంపురంలో మాత్రం 9 నిమిషాలు తీసెయ్యాలి.

రెండోది కాలసమీకరణం. భూమి కక్ష్య దీర్ఘవృత్తం కావడంవల్లా, అక్షం వాలుగా ఉండడంవల్లా సూర్యుడు ఏడాది పొడుగునా ఒకే లెక్కన నడవడు. ఫిబ్రవరి రెండో వారంలో 14 నిమిషాలు వెనకబడతాడు. నవంబరు మొదట్లో 16 నిమిషాలు ముందుంటాడు. పాత ప్రోగ్రాముల్లో దీనికి మూడు పదాల సూత్రం ఒకటి వాడేవారు. ఆ మూడు గుణకాలు 9.87, 7.53, 1.5. నిమిషం లోపు తేడాతో సరైన జవాబు ఇస్తుంది, నీడగడియారానికి అంతకంటే అక్కర్లేదు.

రెండూ కలిస్తే సంగతి ఇలా ఉంటుంది. బెంగళూరులో నీడ పన్నెండు చూపినప్పుడు చేతిగడియారంలో ఫిబ్రవరిలో 12 గంటల 34 నిమిషాలు, నవంబరులో 12 గంటల 3 నిమిషాలు. బరంపురంలో ఫిబ్రవరిలో 12 గంటల 5 నిమిషాలు, నవంబరులో 11 గంటల 34 నిమిషాలు. రెండు ఊళ్లలోనూ గడియారం తప్పు కాదు. ఎవరి మధ్యాహ్నం వాళ్లది.

మన ఇళ్లలో

ఈ లెక్కల గొడవ మనకెందుకని ఎవరైనా అడగవచ్చు. మన ఇళ్లలో గోడకు వేలాడే పంచాంగాన్ని ఒకసారి చూడండి. అది విజయవాడకో రాజమండ్రికో లెక్కకట్టినదై ఉంటుంది. తిథి ముగిసే సమయం దేశమంతటా ఒకటే, దాంతో పేచీ లేదు. కాని రాహుకాలం, దుర్ముహూర్తం, ఏ రోజు పండగ అన్నవి ఊరి సూర్యోదయాన్ని బట్టి తేలవలసినవి. విజయవాడ సూర్యోదయాన్ని పట్టుకుంటే షోలాపూరులో ఒక్క రేఖాంశంవల్లనే 19 నిమిషాలు తప్పుతుంది. ముంబయిలో ముప్పయ్యొక్క నిమిషాలు తప్పుతుంది. బరంపురంవాళ్లకు పొద్దు పదహారు పదిహేడు నిమిషాలు ముందే పొడిచి ఉంటుంది. వీటిలో మనకు నమ్మకం ఉండడం లేకపోవడం వేరే సంగతి. నమ్మేవాళ్లయినా తమ ఊరి పొద్దును నమ్మాలి గదా! కటానియా గడియారాన్ని తొంభైతొమ్మిదేళ్లు చూసుకున్న రోమువాళ్లను చూసి నవ్వే హక్కు మనకు లేదనిపిస్తుంది.

దీనికి మందు పంచాంగాన్ని పారెయ్యడం కాదు, పలభ మార్చి వేసుకోవడం. మా మేనమామ తరంవాళ్లు తాతలు తెచ్చిన సూత్రం అక్షరం మార్చకుండా, ఏ ఊరుకు పోతే ఆ ఊరి నీడ కొలుచుకుని అదే చేసేవారు. ఆ తరం దాదాపు వెళ్లిపోయింది. కార్డులు గుద్దిన తరమూ పెద్దదైపోతోంది. ఫోర్ట్రాన్ మాత్రం చావలేదు. దాని కొత్త ప్రమాణం 2023లో వచ్చింది, ఖర్చు లేకుండా దొరికే కంపైలర్లు 1966 నాటి వాక్యాలను ఈనాటికీ చాలావరకు అర్థం చేసుకుంటాయి. జీడబ్ల్యూ బేసిక్ మూలపాఠాన్ని మైక్రోసాఫ్ట్ 2020లో అందరికీ బయటపెట్టింది. పాత బేసిక్‌ను కొత్త యంత్రాలమీద నడిపే సాధనాలు ఉన్నాయి. పాతభాష అనిపించుకున్నంత మాత్రాన లెక్క తప్పదు. అందులో అడగడానికి ఒకరూ, అంకె ఇవ్వడానికి ఒకరూ ఉండాలి, అంతే.

ఇవాళ జేబులోని ఫోనే అక్షాంశం రేఖాంశం చెబుతుంది. అయినా సెలవుల్లో ఇంటికొచ్చిన పిల్లల చేత ఒక పని చేయించి చూడండి. మార్చి 20 ప్రాంతంలో గాని సెప్టెంబరు 23 ప్రాంతంలో గాని పన్నెండు సమభాగాలుగా గుర్తులు పెట్టిన కర్రను డాబామీద నిటారుగా నిలబెట్టి, నీడ అన్నిటికంటే పొట్టిగా అయినప్పుడు కొలవమనండి. అది మీ ఊరి పలభ. దాన్ని పన్నెండుతో భాగించి విలోమ టాంజెంటు తీస్తే అక్షాంశం. ఆ అంకెను పది వరసల బేసిక్ ప్రోగ్రాంలో వేసి, వచ్చిన కోణాలతో ఒక అట్టమీద గీతలు గీయమనండి. చరరాశి పేరు మాత్రం ఒకసారి చూసుకోమనండి.

మా డాబామీది ప్లైవుడ్ పలక వానలకు ఎన్నడో పాడైపోయింది. రెండోసారి నల్లరాతిమీద చెక్కించాను. పక్కన మామయ్య చెప్పినట్టు అక్షాంశంతోబాటు తెలుగు అంకెల్లో పలభ కూడా చెక్కించాను. మూడు గంటలకు నీడ ఆ గీతమీదికి చేరినప్పుడు, సర్దుబాట్లు వేసుకుని చేతిగడియారం చూస్తే, నిమిషం అటూ ఇటూగా సరిపోతూనే ఉంది.